వెనక్కి పిలిచేదెవరిని?

అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ళకి కొన్ని విశ్వాసాలున్నాయి. వాటిలో అన్నిటికన్నా గట్టిది "ఇక్కడ అన్నీ రూల్సు ప్రకారం జరుగుతాయి" అన్నది. గుడి మెట్టెక్కనివాడూ, జాతకం చూపించుకోనివాడూ కూడా ఈ ఒక్క నమ్మకాన్ని మాత్రం ప్రాణంలా చూసుకుంటాడు. కిందటి నెల ఒక మిత్రుని ఇంట్లో భోజనాల దగ్గర వచ్చే వేసవికి ఎల్లోస్టోన్ వెళ్ళే విషయం వచ్చింది. ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారనీ, హోటళ్ళ తిండి వారికి పడదనీ, అందుకని వంటగదీ పడకలూ ఉన్న పెద్ద బండిని అద్దెకు తీసుకుంటున్నామనీ ఆయన ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాడు. "ఆ బండిలో ఉండే ఫ్రిజ్జు మీద రికాల్ ఏమైనా ఉందేమో, ఉంటే మరమ్మత్తు చేయించారో లేదో కనుక్కున్నారా?" అని నేనడిగాను. ఆయన నవ్వి, "రికాల్ ఉన్న బండిని అద్దెకెలా ఇస్తారు? అది చట్టవిరుద్ధం. ఇది ఇండియా కాదుగా మాస్టారూ!" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు అప్పటికప్పుడు సమాధానం తోచలేదు. (తోచేవాడినైతే ఇలా రాసుకుంటూ కూర్చునేవాడినా?) ఆ రోజు ఇవ్వలేకపోయిన సమాధానమే ఇది.

ఆయన పొరపాటు అజ్ఞానం వల్ల వచ్చింది కాదు. బుద్ధిమంతుడెవరైనా అలాగే అనుకుంటాడు, చట్టం అలాగే ఉండి ఉంటుందని. అలా లేదు. నా కోపమంతా అక్కడే ఉంది.

నాకీ సంగతి పుస్తకాల వల్ల తెలియలేదు. 2018 జూలైలో మా అత్తగారూ మామగారూ తెనాలి నుంచి వచ్చారు. సాల్ట్ లేక్ సిటీలో విమానం దిగి, ఒక ఇల్లుబండిని అద్దెకు తీసుకుని, ఐడహో మీదుగా వెస్ట్ ఎల్లోస్టోన్ చేరుకున్నాం. (ఆర్.వి. అనే పొడి అక్షరాల కంటే ఇల్లుబండి అన్నమాట నాకు నచ్చింది. మీకు నచ్చకపోతే ఆర్.వి. అనే చదువుకోండి.) మా అత్తగారు ఫ్రిజ్జు నిండా పెరుగు గిన్నెలూ, పులిహోర కలిపిన డబ్బాలూ, దోసెల పిండీ సర్దుకున్నారు. ఆ ఊరు సముద్రమట్టానికి ఆరువేల అడుగుల పైచిలుకు ఎత్తున ఉంది. జూలైలో కూడా రాత్రుళ్ళు చలే. కిటికీలన్నీ బిగించుకుని పడుకున్నాం.

రెండో రోజు తెల్లవారుజామున నాలుగింటికి, ఆవిడ అలవాటు ప్రకారం లేచి, మా ఆవిడని తట్టి లేపారు. "ఏమే, కళాయి పోసేవాడొచ్చినట్టు ఈ నవాసాగరం వాసనేమిటే?" అన్నారు. ఆ తరం వాళ్ళకి ఆ వాసన తెలుసు. వీధిలో కొలిమి పెట్టి, ఇత్తడి గిన్నెలో నవాసాగరం చల్లి తగరం రుద్దుతుంటే ముక్కుపుటాలు అదిరేలా వచ్చే ఘాటు అది. కెమిస్ట్రీ చదువుకున్న నాకు ఆ వాసన నిద్ర లేపలేదు. చదువుకోని ఆవిడని లేపింది. అది అమ్మోనియా.

క్యాంపుగ్రౌండు చూసుకునే ఒక పెద్దాయనని లేపుకొచ్చాను. ఆయన బండి పక్కన ఫ్రిజ్జు వెనక భాగానికి ఉండే గాలితలుపు ఊడదీసి, టార్చి వేసి చూపించాడు. గొట్టాల మీద పసుపు చల్లినట్టు పొడి పేరుకుని ఉంది. ఆయన ఇంకేమీ చెప్పకుండా గ్యాసు కట్టేశాడు, కరెంటు తీగ లాగేశాడు, తలుపులూ కిటికీలూ బార్లా తెరిపించాడు, పెద్దవాళ్ళని దూరంగా కూర్చోబెట్టమన్నాడు. మా మామగారు ఆ చలిలో దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చుని, "అల్లుడుగారూ, పెరుగు మాత్రం బయటికి తెచ్చారా?" అని అడిగారు. ఏమీ కాలేదు. అంటుకోలేదు, పేలలేదు. కాబట్టే అది వార్త కాలేదు, ఎవరి లెక్కల్లోకీ ఎక్కలేదు.

అద్దెకిచ్చినవాళ్ళు ఫోనులో ఎంతో మర్యాదగా మాట్లాడారు. ఫ్రిజ్జు ఆపేసి ఐసుపెట్టె వాడుకోమన్నారు, రోజుకింత అని అద్దె తగ్గిస్తామన్నారు. ఇంటికి తిరిగొచ్చాక నేను ఒక్క ప్రశ్న రాసి పంపించాను: ఈ ఫ్రిజ్జు ఏదైనా రికాల్‌లో ఉందా, ఉంటే మరమ్మత్తు జరిగిందా? ఆ బండిని తాము మరొకరి దగ్గర కొన్నామనీ, ఫ్రిజ్జు సంగతి బండి కట్టినవాళ్ళని అడగమనీ వారు జవాబిచ్చారు. బండి కట్టినవాళ్ళు ఫ్రిజ్జు చేసినవాళ్ళని అడగమన్నారు. ఫ్రిజ్జు చేసినవాళ్ళు దాని సీరియల్ నంబరు చెప్పమన్నారు. నేను రాసుకోలేదు. తప్పు నాదే, ఒప్పుకుంటాను. నంబరు పంపించమని మళ్ళీ అద్దెవాళ్ళకి రాస్తే, ఆ బండి అప్పటికే మరో కుటుంబాన్ని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ఈ ముగ్గురి పేర్లూ చెప్పను. పేర్లు చెబితే ఇది ఆ ముగ్గురి కథ అయిపోతుంది. ఎవరిని అడిగినా ఇదే జరిగేదన్నది నా వాదన.

ఇంతకీ ఆ ఫ్రిజ్జులో ఏముంటుంది?

ఇంట్లో ఫ్రిజ్జుకీ ఇల్లుబండిలో తరచుగా కనిపించే ఫ్రిజ్జుకీ పోలిక తలుపు వరకే. మనింట్లో దానికి మోటారుంటుంది, కంప్రెసరుంటుంది. దీనికి అవేవీ ఉండవు. ఇది వేడిని పుట్టించి చల్లదనం చేస్తుంది! 1922లో స్టాక్‌హోంలోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదువుకునే ఇద్దరు కుర్రాళ్ళు, బాల్ట్‌సర్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ మున్టర్స్ అనేవారు ఈ పద్ధతి కనిపెట్టారు. ఎలక్ట్రోలక్స్ కంపెనీ దాన్ని కొని లోకమంతా అమ్మింది. గొట్టాల వలయంలో నీళ్ళూ, అమ్మోనియా, హైడ్రోజన్ వాయువూ, ఉక్కు లోపల తుప్పు పట్టకుండా కాస్త సోడియం క్రోమేటూ పోసి సీలు వేస్తారు. (గొట్టాల మీద మాకు కనిపించిన పసుపు ఈ క్రోమేటుదే.) లోపలి పీడనం మామూలు గాలి పీడనానికి ఇరవై రెట్ల పైమాటే. అడుగున ఒక బాయిలరుంటుంది. దాన్ని గ్యాసు మంటతోనో, కరెంటుతో ఎర్రబడే హీటరు కడ్డీతోనో కాలుస్తారు. అమ్మోనియా ఆవిరై పైకి పోయి, చల్లబడి, ద్రవమై, హైడ్రోజన్ సమక్షంలో మళ్ళీ ఆవిరవుతూ ఫ్రిజ్జులోని వేడిని పీల్చుకుని, నీళ్ళలో కలిసి కిందకి దిగివస్తుంది. పంపు లేదు, శబ్దం లేదు. కరెంటు లేని అడవిలో కూడా గ్యాసు మీద నడుస్తుంది. నిజంగా అందమైన యంత్రం. దాన్ని నేను తిట్టబోవటం లేదు.

ఇక్కడొక చిన్న పిట్టకథ. ఐన్‌స్టైన్, లియో సిలార్డ్ కలిసి కదిలే భాగాలు లేని ఫ్రిజ్జులు రూపొందించి పేటెంట్లు తీసుకున్నారు. అమెరికా పేటెంటు 1930లో వచ్చింది. బెర్లిన్‌లో ఒక కుటుంబం ఫ్రిజ్జు పంపు లీకై, ఆ విషవాయువు పీల్చి నిద్రలోనే చనిపోయిందన్న వార్త చదివి ఐన్‌స్టైన్ ఆ పనికి పూనుకున్నాడని చెబుతారు. నిద్రపోతున్న మనుషుల దగ్గర ఫ్రిజ్జు లీకవటం అనే సమస్య ఎంత పాతదో చూడండి.

అందమైన ఈ యంత్రానికి ఒక బలహీనత ఉంది. లోపలి ద్రవం కేవలం భూమ్యాకర్షణ వల్ల కిందకి జారుతుంది గనక, బండి సమతలంగా నిలబడి ఉండాలి. ఏటవాలుగా నిలిపితే ద్రవం సరిగ్గా తిరిగిరాదు. మంటో కడ్డీయో మాత్రం కాలుస్తూనే ఉంటుంది. బాయిలరు ఎండిపోయి మితిమీరి వేడెక్కుతుంది. ఏళ్ళ తరబడి వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి ఆ గొట్టం అలిసిపోతుంది, వెంట్రుకవాసి పగులు పడుతుంది. అమ్మోనియా, హైడ్రోజన్ ఒత్తిడితో బయటికి చిమ్ముతాయి. పక్కనే మంట ఉంటుంది. ఈ అమరిక అంతా పలుచని చెక్కగోడకి ఒక వైపున. మరో వైపున మనిషి పడక.

ఇది నా ఊహ కాదు. 2006లో డోమెటిక్ అనే స్వీడన్ కంపెనీ ఇదే కారణం చెప్పి అమెరికాలో తన రెండు తలుపుల ఫ్రిజ్జుల మీద రికాల్ ప్రకటించింది. బాయిలరు గొట్టంలో పగులు రావచ్చు, మంట దగ్గర ద్రవం చిమ్మవచ్చు, అగ్నిప్రమాదం జరగవచ్చు అన్నది దాని సారాంశం. ఎన్ని ఫ్రిజ్జులు? 9,26,877. అవి 1997కీ 2003కీ మధ్య తయారైనవి. అంటే మొదటి ఫ్రిజ్జు అమ్ముడయ్యాక తొమ్మిదేళ్ళకి మాట బయటపడింది. 2008లో ఆ జాబితాకి మరికొన్ని లక్షలు కలిశాయి. 2010లో ఒహాయోకి చెందిన నార్‌కోల్డ్ కంపెనీ తన 1200 శ్రేణి ఫ్రిజ్జుల మీద రికాల్ ప్రకటించింది. అప్పట్లో ఈ రంగంలో చెప్పుకోదగ్గ కంపెనీలు ఈ రెండే. కాబట్టి ఆ కాలపు ఇల్లుబండి ఏదైనా సరే, ఈ జాబితాల్లో ఉందా అని అడగటం అతిజాగ్రత్త కాదు.

ఇక చేసిన మరమ్మత్తు ఏమిటంటే, డోమెటిక్ బాయిలరు చుట్టూ ఒక ఇనుప కవచమూ, మితిమీరి వేడెక్కితే తెగిపోయే ఫ్యూజూ పెట్టింది. నార్‌కోల్డ్ వేడిని పసిగట్టి కరెంటు ఆపేసే సెన్సారు పెట్టింది. పగులు పట్టే గొట్టాన్ని మాత్రం మార్చలేదు. కుండకి చిల్లు పడుతుందని తెలిసి, కుండ మార్చకుండా కింద పళ్ళెం పెట్టారు. పళ్ళెం లేకపోవటం కంటే ఉండటం మేలే, కాదనను. కానీ దాన్ని కుండ బాగుచేయటం అనకూడదు కదా! రికాల్ సర్దుబాట్లు అసలు లోపాన్ని తీర్చలేదనే వాదనతో నార్‌కోల్డ్ మీదా దాని మాతృసంస్థ మీదా కాలిఫోర్నియాలో యజమానులు ఉమ్మడి దావా వేశారు. అది 3 కోట్ల 60 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది. 2024 నవంబరులో నార్‌కోల్డ్ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. దివాలా తీసినంత మాత్రాన రికాల్ బాధ్యత పోదని చట్టం అంటుంది. బాధ్యత పోదు సరే, ఆ పని చేసే చేతులుండాలి కదా?

ఇప్పుడు ఆ మాట సంగతి చూద్దాం. రికాల్ అంటే వెనక్కి పిలవటం. మాట వినగానే, కంపెనీవాడు తన వస్తువుని తన ఇంటికి తిరిగి పిలుచుకుంటున్నాడన్న భావం కలుగుతుంది. బడిలో తప్పుచేసిన పిల్లవాణ్ణి తండ్రి చెయ్యిపట్టుకుని ఇంటికి తీసుకుపోయినట్టు. నిజానికి జరిగేదేమిటి? లోపం ఉందని నిర్ధారించుకున్న అయిదు పనిదినాల్లో కంపెనీ ఎన్.హెచ్.టి.ఎస్.ఏ. అనే రవాణా భద్రతా సంస్థకి తెలపాలి. ఆ తరవాత 60 రోజుల్లో యజమానులకి పోస్టులో ఉత్తరాలు వెయ్యాలి. ఆపైన ఎవరి చేతిలో ఉత్తరం పడిందో వాడు తన పాతికా ముప్పై అడుగుల బండిని తోలుకుని, మరమ్మత్తు చేసే షాపు వెతుక్కుని, విడిభాగం వచ్చేదాకా కాచుకుని పని చేయించుకోవాలి. పిలిచేది వస్తువుని కాదు, మనిషిని. వెళ్ళకపోతే తప్పు మనిషిది. ఉత్తరం పోస్టులో పడిన క్షణం నుంచి కంపెనీ తరఫున చెప్పుకోవటానికి ఒక మాట దొరుకుతుంది: "మేం చెప్పాం".

ఉత్తరం ఎవరికి వెళ్ళింది? ఇల్లుబండి ఒక్కడు చేసిన వస్తువు కాదు. అడుగుభాగం ఒక పెద్ద మోటారు కంపెనీది. దాని మీద ఇల్లు కట్టినవాడు ఇండియానాలోని ఎల్కార్ట్ చుట్టుపక్కల ఉంటాడు, ఈ పరిశ్రమకి రాజధాని అది. ఫ్రిజ్జు ఇంకొకడిది, జనరేటరు మరొకడిది. బండి యజమాని పేరు రిజిస్ట్రేషను కాగితాల్లో ఉంటుంది. ఫ్రిజ్జు యజమాని పేరు ఎక్కడుంటుంది? మొదట కొన్నవాడు వారంటీ కార్డు నింపి పంపి ఉంటే అందులో. ఆ బండి పదేళ్ళలో నాలుగు చేతులు మారుతుంది. 2014 నుంచి కారు వి.ఐ.ఎన్. నంబరు కొడితే రికాళ్ళు కనబడే ఏర్పాటు వచ్చిందని మనవాళ్ళు గర్వంగా చెబుతారు. అది పెద్ద కార్ల కంపెనీలకీ, పెద్ద మోటారుసైకిళ్ళ కంపెనీలకీ మాత్రమే నిర్బంధం. పైగా బండి నంబరు కొడితే బండి మీది రికాల్ చూపిస్తుంది గానీ దాని పొట్టలో ఉన్న ఫ్రిజ్జు మీది పరికరాల రికాల్ చూపించదు. మిత్రుడు ఆ నంబరు కొట్టి "ఏమీ లేదు" అని తెరమీద చూసి ఊపిరి పీల్చుకుంటాడు. ఏమీ చూడకపోవటం కంటే అది ప్రమాదం.

"రికాల్ ఉన్న బండిని అద్దెకివ్వటం చట్టవిరుద్ధం" అన్నాడు కదా ఆయన. అటువంటి చట్టం ఉంది. అది ఎలా వచ్చిందో వింటే మనసు కలచివేస్తుంది. 2004 అక్టోబరులో కాలిఫోర్నియాలో హౌక్ అనే ఇంటిపేరు గల ఇద్దరు అక్కచెల్లెళ్ళు అద్దె కారులో వెళుతుండగా ఇంజను దగ్గర మంటలు లేచి, కారు అదుపు తప్పి, ఎదురుగా వస్తున్న పెద్ద ట్రక్కుని ఢీకొని ఇద్దరూ మరణించారు. ఆ కారు మీద, సరిగ్గా ఆ మంటల గురించే, అప్పటికే రికాల్ ఉంది. మరమ్మత్తు చేయించకుండా అద్దెకిచ్చారు. ఆ తల్లి పదేళ్ళకు పైగా పోరాడితే 2015 చివర ఆ ఇద్దరు పిల్లల పేరుతో చట్టం వచ్చింది. 2016 జూన్ నుంచి అమల్లో ఉంది. రికాల్ మరమ్మత్తు జరగని బండిని అద్దెకివ్వరాదు.

ఏ బండిని? చట్టంలో నిర్వచనం ఉంది. స్థూల బరువు పరిమితి 10,000 పౌండ్లకు మించని బండి. 35 గానీ అంతకంటే ఎక్కువ గానీ అద్దెబండ్లున్న సంస్థ చేతిలోని బండి.

ఆ రెండు వాక్యాలు ఇంకొకసారి చదవండి. కుటుంబాలు అద్దెకి తీసుకునే మామూలు ఇల్లుబండి, అంటే డ్రైవరు తల మీదుగా పడక ముందుకు పొడుచుకొచ్చినట్టుండే రకం, ఎక్కువగా ఫోర్డ్ ఈ-450 మీద కడతారు. దాని స్థూల బరువు 14,500 పౌండ్లు. బస్సు లాంటి పెద్ద రకాలు ఇంకా బరువు. వ్యానులో అమర్చిన చిన్నవి కొన్ని మాత్రం పదివేల లోపు వస్తాయి. ఇక సొంత బండిని వెబ్‌సైటులో పెట్టి వారానికింతని అద్దెకిచ్చే మనుషులున్నారు, వారి దగ్గర ఒకటో రెండో ఉంటాయి, 35 ఉండవు. అంటే ఒంటరిగా కూర్చుని, మెలకువగా, పక్కనే తలుపు ఉంచుకుని నడిపే చిన్న కారుకి చట్టం రక్షణ ఇచ్చింది. ముసలివాళ్ళూ పిల్లలూ తలుపులు బిగించుకుని నిద్రపోయే బండికి ఇవ్వలేదు. కారణం బండి బరువెక్కువ కావటం! ఇంతకంటే తలకిందుల తర్కం నాకు కనిపించలేదు. పదివేల పౌండ్లన్నది అమెరికా రవాణా నిబంధనల్లో తేలికబండినీ బరువుబండినీ విడదీసే పాత గీత. ఆ గీత ఇటు సరుకుల లారీల కోసం, అటు కార్ల కోసం గీసింది. మనుషులు పడుకునే బండి ఆ గీతకి ఏ పక్కన పడుతుందో గీసినవాడు ఆలోచించలేదు. చట్టం రాసినవాళ్ళు ఆ గీతనే అరువు తెచ్చుకున్నారు.

"ఇది ఇండియా కాదుగా" అన్నమాటకి కూడా ఒక ముక్క చెప్పాలి. ఆ మాట పాతబడింది. అక్కడ 2012 నుంచి కంపెనీల స్వచ్ఛంద నియమావళీ, 2019 మోటారు వాహనాల సవరణతో నిర్బంధ రికాల్ చట్టమూ వచ్చాయి. 2021 ఏప్రిల్ నుంచి నిబంధనలు అమల్లో ఉన్నాయి, జరిమానా కోటి రూపాయల దాకా ఉంది. దాని అమలు గురించి చెప్పుకోవాల్సింది చాలా ఉంది గానీ, మనం వెక్కిరించే స్థితిలో లేమని గ్రహిస్తే చాలు.

నాతో వాదించేవారు మూడు మాటలంటారు. మొదటిది, "లక్షల ఫ్రిజ్జుల్లో కాలినవి ఎన్ని? అతిస్వల్పం". నిజమే, స్వల్పమే. కానీ ఈ లెక్కలో ఒక మోసం ఉంది. కారు కాలితే మనిషి దిగి పరుగెడతాడు. ఇల్లుబండి కాలితే మనిషి ముందు నిద్ర లేవాలి. ఉన్నదొకటే తలుపు, అది తరచుగా వంటగది వైపునే ఉంటుంది. వెనకవైపు ఎర్ర పిడి ఉన్న కిటికీ ఒకటి అత్యవసరంలో బయటపడటానికి ఉంటుంది. మాకు బండి అప్పగించినప్పుడు మరుగుదొడ్డి ట్యాంకు ఎలా ఖాళీ చెయ్యాలో నలభై నిమిషాలు చూపించారు, ఆ కిటికీ సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పినా, మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారు ఆరడుగుల ఎత్తునుంచి దూకగలరా? 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. అక్కడి కారణాలు వేరు, అది ఫ్రిజ్జూ కాదు, రికాలూ కాదు. అయితే నిద్రపోతున్న మనిషికీ మంటకీ మధ్య ఎంత వ్యవధి ఉంటుందో తెలుగువాడికి ఎవరూ వేరే చెప్పనక్కరలేదు. ప్రమాదం ఎంత అరుదన్నది ఒక లెక్క, జరిగితే ఎంతమంది బయటపడతారన్నది మరో లెక్క. కంపెనీలు మొదటిదే చెబుతాయి.

రెండోది, "యజమాని బాధ్యత లేదా? ఉత్తరం వస్తే చూసుకోవద్దా?". ఉంది. కానీ మేం యజమానులం కాము. వారం రోజులకి డబ్బిచ్చి ఎక్కినవాళ్ళం. అద్దెకి తీసుకున్నవాడికి ఏ ఉత్తరమూ రాదు. ప్రాణం ఎవరిదో వాడికి తెలియదు, ఉత్తరం ఎవరికొచ్చిందో వాడు ఆ ఫ్రిజ్జు పక్కన నిద్రపోడు. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీని పూడ్చటానికే ఆ తల్లి పదేళ్ళు తిరిగింది. పూడ్చిన మట్టి పదివేల పౌండ్ల దగ్గర ఆగిపోయింది.

మూడోది కొంచెం బరువున్న మాట. "చిన్న చిన్న యజమానుల మీద ఇంత భారం మోపితే వ్యాపారం మూతపడదా?" అంటారు. ఒక బండిని రెండు బండ్లని అద్దెకిచ్చుకుని బతికే మనిషి మీద నాకు పగ లేదు. మరమ్మత్తుకి ఆయన పైసా పెట్టనక్కర్లేదు, అది కంపెనీ ఉచితంగా చేయాల్సింది. (నోటీసు నాటికి, మొదట కొన్న రోజునుంచి 15 ఏళ్ళు దాటిన వాటికి ఆ ఉచితం వర్తించదు. ఇల్లుబండేమో పాతికేళ్ళు తిరుగుతుంది. అదీ సరిచేయాల్సిన సంగతే.) ఆయన చేయాల్సింది ఫ్రిజ్జు తలుపు తెరిచి, లోపలి గోడ మీద ఉండే నంబరు పలక చదివి, ఆ నంబరు ఏ జాబితాలో ఉందో చూడటం. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు భారమనే వ్యాపారం నా పిల్లల్ని ఎక్కించుకోకపోతే నాకేం నష్టం లేదు.

పాత ఇల్లుబండ్లు రోడ్ల మీద ఇంకా వేలల్లో తిరుగుతున్నాయి. కొత్తవాటిల్లో 12 వోల్టుల కంప్రెసరు ఫ్రిజ్జులు ఎక్కువగా వస్తున్నాయి, వాటిల్లో మంటా లేదు, హైడ్రోజనూ లేదు. "ఇంకేం, సమస్య దానంతటదే తీరిపోతోంది" అనేవారున్నారు. పాతవి అంత తొందరగా పోవు. చేతులు మారుతూ చవకబడుతూ, చివరికి తక్కువ అద్దెకి దొరికేవి అవే అవుతాయి. తక్కువ అద్దె వెతుక్కునేదెవరు? పెద్ద కుటుంబంతో ఒకే బండిలో వెళ్దామనుకునే మనలాంటివాళ్ళమే.

పడక ఉన్న ఏ అద్దెబండికైనా బరువుతోనూ సంఖ్యతోనూ నిమిత్తం లేకుండా హౌక్ చట్టం వర్తించాలి. బండి పొట్టలో ఉన్న పరికరాల నంబర్లు బండి నంబరుతో ముడివేసి, ఒకచోట కొడితే అన్నీ కనబడాలి. ఈ రెండూ మా ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడి కార్యాలయానికి రాసి పంపాను. అందిందని అచ్చు ఉత్తరమొకటి వచ్చింది. మళ్ళీ రాస్తాను. ఓటున్నవారు మీరూ రాయండి. నా ఒక్కడి ఉత్తరం కంటే ఇరవై ఉత్తరాలకి గుమాస్తా ఎక్కువసేపు ఆగుతాడు.

భోజనాల దగ్గర నవ్విన మిత్రుడు మొన్న ఫోను చేశాడు. తన బండిని అద్దెకిచ్చేవారిని ఫ్రిజ్జు నంబరు అడిగాడట. ఇంతవరకూ ఎవరూ అలా అడగలేదన్నారట. కనుక్కుని చెబుతామన్నారట. ఫోటో తీసి పంపమని గట్టిగా చెప్పమన్నాను. బండి అప్పగించే రోజున బయటి గాలితలుపు ఊడదీయించి పసుపుపొడి ఉందేమో చూడమన్నాను, ఎర్ర పిడి కిటికీ ఒకసారి తెరిచి మూయమన్నాను, సమతలంగా లేని చోట రాత్రి బండి ఆపవద్దన్నాను. "మరి నంబరు పంపకపోతే?" అన్నాడు. పెరుగు ఐసుపెట్టెలో పెట్టుకోమన్నాను.